పాత బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్లు: విప్పే ముందు, విప్పేటప్పుడు, విప్పాక

అమెరికాలోని టాప్స్ కంపెనీ 1987లో అమ్మిన మైనం ప్యాకెట్టులో, అంటే మైనం పూసిన కాగితంలో చుట్టిన ప్యాకెట్టులో, 17 కార్డులు, ఒక బబుల్ గమ్ పలక ఉంటాయి. మధ్యలో ఉన్న పదిహేను కార్డులు చాలావరకు క్షేమంగానే బయటికి వస్తాయి. గండమంతా రెండు చివర్లలో ఉన్న కార్డులకే. ఒకటి గమ్‌కు ఆనుకుని, ఇంకొకటి రేపర్ అతుకు దగ్గర కరిగిన మైనానికి ఆనుకుని దశాబ్దాలుగా అలాగే ఉండిపోయి ఉంటుంది. ప్యాకెట్టు విప్పేవాళ్ల చేతిలో జరిగే నష్టం ఎక్కువగా ఈ రెండింటికే, అదీ మొదటి నిమిషంలోనే. అందుకే ఈ మార్గదర్శిలో ఆ నిమిషానికి ఎక్కువ చోటిచ్చాం. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఆ ప్యాకెట్టు నిజంగా విప్పనిదేనా, దాన్ని అసలు విప్పాలా.

చేతిలో ఉన్నది ఏ కాలపుది?

న్యూయార్క్ బ్రూక్లిన్‌కు చెందిన టాప్స్ కంపెనీ 1951లో బేస్‌బాల్ కార్డులు మొదలుపెట్టింది. 1952లో 407 కార్డుల పెద్ద సెట్ తెచ్చింది. అందులో 311వ నంబరు, మికీ మ్యాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు వేలంలో పోయింది. పోటీదారు బౌమన్‌ను టాప్స్ 1956లో కొనేసింది. అక్కడి నుంచి 1980 దాకా మార్కెట్ దాదాపు టాప్స్‌దే. కోర్టు తీర్పు అండతో 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కూడా గమ్‌తో కలిపి కార్డులు అమ్మాయి. అదే ఏడాది అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేయడంతో 1982 నుంచి గమ్ మానేసి, ఫ్లీర్ జట్ల స్టిక్కర్లు, డాన్‌రస్ బొమ్మ అతికే పజిల్ ముక్కలు పెట్టాయి. 1989లో అప్పర్ డెక్ రేకు ప్యాకెట్టుతో, గమ్ లేకుండా వచ్చింది. టాప్స్ 1992లో గమ్ తీసేసింది. తొంభైలలో మన దగ్గర బిగ్ ఫన్ గమ్ కొని లోపలి క్రికెటర్ల బొమ్మలు దాచుకున్నవాళ్లకు ఈ గమ్, కార్డు జోడీ గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఈ చరిత్ర తెలిస్తే లోపల ఏముంటుందో ముందే అంచనా వేయొచ్చు. టాప్స్ 1991 లేదా అంతకు ముందుదైతే మైనం, గమ్ రెండిటికీ సిద్ధపడాలి. 1982 నుంచి వచ్చిన ఫ్లీర్, డాన్‌రస్ అయితే గమ్ బెడద లేదు, మైనం బెడద ఉంది. 1964, 1971 టాప్స్ ప్యాకెట్లలో లోహపు నాణేలు కూడా వేశారు. నాణెం పక్కనున్న కార్డు మీద గుండ్రటి నొక్కు ఉంటే అది ఫ్యాక్టరీ నాటి నుంచి ఉన్నదే, మీ చేతి తప్పు కాదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. 1973 దాకా టాప్స్ తన సెట్‌ను ఒకేసారి కాకుండా వేసవంతా విడతలుగా, సిరీస్‌ల వారీగా విడుదల చేసేది. 1974 నుంచి మొత్తం సెట్ ఒకేసారి వచ్చింది. కాబట్టి 1968 ప్యాకెట్టు కొని అందులో నోలన్ ర్యాన్ అనే ఆటగాడి రూకీ కార్డు (కొత్త ఆటగాడిగా వచ్చిన తొలి కార్డు) కోసం ఆశపడితే సరిపోదు. ఆ కార్డు నంబరు 177. ఆ నంబరున్న సిరీస్ ప్యాకెట్టు కాకపోతే అది వచ్చే అవకాశం సున్నా. ఏ సిరీసో చెప్పలేని అమ్మకందారు ర్యాన్ పేరు చెప్పి ధర పెంచుతుంటే ఒప్పుకోకండి.

విప్పాలా వద్దా: ముందు లెక్క వేయండి

1980 టాప్స్ సెట్‌లో 726 కార్డులు, ప్యాకెట్టుకు 15, బాక్సుకు 36 ప్యాకెట్లు. అందరూ వెతికేది 482వ నంబరు రికీ హెండర్సన్ రూకీ కార్డు. ఒక ప్యాకెట్టులో అది దొరికే అవకాశం 726లో 15, అంటే సుమారు 2 శాతం. 48 ప్యాకెట్లకు ఒకటి. పూర్తి బాక్సు విప్పినా 540 కార్డులే, సగటున ముప్పావు హెండర్సన్. 1987 టాప్స్‌కు ఇదే లెక్క వేస్తే 36 ప్యాకెట్లకు 612 కార్డులు, సెట్‌లో 792. ఇందులో అందరూ వెతికే ఆటగాళ్లు బ్యారీ బాండ్స్ 320, మార్క్ మెగ్వైర్ 366, బో జాక్సన్ 170 నంబర్లు. వీటిలో ఫలానా ఒక్క కార్డు ఒక బాక్సులో కనీసం ఒకసారి రావడానికి, కార్డులు పూర్తిగా కలగలిసి ఉన్నాయనుకుంటే, అవకాశం సుమారు 54 శాతం. నిజానికి కార్డులు అలా కలగలిసి ఉండవు. పెద్ద షీట్ల నుంచి కోసి వరసగా పేర్చి ప్యాక్ చేసేవారు కనుక ఒక బాక్సులో ఒకే ఆటగాడు మూడుసార్లు వచ్చి, ఇంకొకరు అసలు రాకపోవడం మామూలే.

దొరికిన కార్డు కూడా మంచి గ్రేడుకు తగినట్టు ఉంటుందని లేదు. ప్యాకెట్టులోంచి తాజాగా వచ్చిన కార్డైనా బొమ్మ ఒక పక్కకు జరిగి ముద్రించి ఉండొచ్చు, కోత వంకరగా ఉండొచ్చు. కార్డులను పరీక్షించి గ్రేడు ఇచ్చే పీఎస్ఏ సంస్థ నుంచి 10, అంటే అన్నిటికన్నా పై గ్రేడు కావాలంటే ముందు వైపు అంచుల నిష్పత్తి సుమారు 55/45 లోపల ఉండాలి. ఎనభైలలో టాప్స్ ముద్రణలో చాలా కార్డులు అక్కడే ఆగిపోతాయి.

మా అభిప్రాయం ఇది. 1986 నుంచి 1993 మధ్య వచ్చినవి అవసరానికి మించి ముద్రించినవి. బాక్సులు ఇంకా కుప్పలుగా ఉన్నాయి. వాటిని సంతోషంగా విప్పండి, చేయి అలవాటు చేసుకోవడానికి అంతకన్నా మంచి సరుకు లేదు. 1978 నుంచి 1985 దాకా ఉన్నవాటిని లెక్క వేసుకుని విప్పండి. 1974కు ముందువి మాత్రం, అసలువని తేలితే, విప్పకుండా ఉంచడమే సబబు. కార్డులు విడిగా దొరుకుతాయి. ఆ కాలపు విప్పని ప్యాకెట్టు మాత్రం విప్పిన ప్రతిసారీ లోకంలో ఒకటి తగ్గిపోతుంది.

అసలుదేనా, మళ్లీ అతికించినదా?

మైనం ప్యాకెట్టును మోసానికి వాడుకోవడం తేలిక. రేపర్ ఒకే కాగితం. వెనక ఒక అతుకు, రెండు చివర్లలో మడతలు, వేడితో మైనం కరిగించి అంటించినవి. మెల్లగా విప్పి, మంచి కార్డులు తీసేసి, పనికిరానివి పెట్టి, ఇస్త్రీ పెట్టెతోనో జిగురుతోనో మళ్లీ అంటించే మోసగాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు.

చూడాల్సిన క్రమం ఇలా ఉంటుంది. మొదట వెనక అతుకును పక్క నుంచి పడే వెలుతురులో చూడండి. ఫ్యాక్టరీ అతుకు దగ్గర మైనం సమంగా, పలచగా, మ్యాట్‌గా ఉంటుంది. ఇస్త్రీ చేసినదైతే మైనం కాగితంలోకి ఇంకిపోయి ఆ భాగం నూనె పడినట్టు పారదర్శకంగా కనిపిస్తుంది. జిగురైతే మెరుస్తుంది. తర్వాత చివరి మడతలు చూడండి. ప్రతి మడతకు ఒకే గీత ఉండాలి. పక్కపక్కన రెండు గీతలుంటే ఒకసారి విప్పి మళ్లీ మడిచారన్నమాట. మూడోది, యూవీ టార్చితో చీకటి గదిలో అతుకు మీద వెలుగు వేయండి. కొత్త జిగుర్లలో చాలావాటికి నీలంగా మెరిసే గుణం ఉంటుంది. మెరవకపోతే మంచిదేనని అనుకోకండి, మెరిస్తే మాత్రం పక్కన పెట్టేయండి. నాలుగోది, చెవి దగ్గర పెట్టి మెల్లగా కదపండి. గమ్ ముక్కలు గలగలమనడం మామూలే, పాత గమ్ విరిగిపోతుంది. గమ్ ఉండాల్సిన ఏడాదిది అయివుండి గమ్ ఆనవాలే లేకపోతే అనుమానించాలి.

సెలోఫేన్ ప్యాకెట్ల సంగతి వేరు. వాటిలో పై కార్డు, అడుగు కార్డు బయటికే కనిపిస్తాయి. మూడు అరల ర్యాక్ ప్యాకెట్లలో ఇంకా ఎక్కువ కార్డులు కనిపిస్తాయి. స్టార్ ఆటగాడు కనిపించేవాటిని ఎవరో ఎప్పుడో ఏరుకుని ఉంటారు కాబట్టి, ఏ పేరూ కనిపించని ర్యాక్ ప్యాకెట్లు గుట్టగా తక్కువ ధరకు దొరికితే అవి ఏరగా మిగిలినవేనని అనుకోండి. స్టార్ కనిపిస్తూ అనుమానాస్పదంగా చవగ్గా ఉంటే, ఆ కార్డును తర్వాత పెట్టి సీలు వేశారేమో చూడాలి. సెలోఫేన్ అతుకు వంకర పోకుండా నిటారుగా ఉండాలి, కాలిన మచ్చలు ఉండకూడదు.

ఖరీదైనవాటికి సొంత పరీక్ష చాలదు. విప్పని బాక్సులను పరిశీలించి తమ గుర్తున్న ష్రింక్ పొర చుట్టి ఇచ్చే బేస్‌బాల్ కార్డ్ ఎక్స్‌చేంజ్ వంటి సంస్థ గుర్తింపు ఉన్న సరుకు కొనడమే భద్రం. బాక్సులను కలిపి సీలు చేసిన పెద్ద అట్టపెట్టె (కేసు)లోంచి నేరుగా తీసిన బాక్సు అయితే ఆ సంగతి పొర మీదే రాస్తారు. దానికి ఎక్కువ ధర పలకడం న్యాయమే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మెత్తటి రబ్బరు చాప లేదా మరకల్లేని శుభ్రమైన నూలు గుడ్డ. పెన్నీ స్లీవ్‌లు (పలచటి ప్లాస్టిక్ తొడుగులు) ఒక వంద, టాప్‌లోడర్లు (గట్టి ప్లాస్టిక్ తొడుగులు) ఒక పది (3 అంగుళాలు × 4 అంగుళాల మామూలు సైజు, 35 పాయింట్ల మందం కార్డుకు సరిపోయేవి; పాయింటంటే అంగుళంలో వెయ్యో వంతు). పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం. పలచటి ప్లాస్టిక్ కార్డు ఒకటి, పాత ఫోన్ రీచార్జి కార్డు మందం చాలు. మెత్తటి బ్రష్. గమ్ పొడికి ఒక చెత్త గిన్నె. 1957 నుంచి టాప్స్ కార్డు సైజు 2.5 × 3.5 అంగుళాలు, 1952–56 కార్డులు 2⅝ × 3¾ అంగుళాలు. పెద్దవాటిని మామూలు టాప్‌లోడర్‌లో దూర్చబోతే మూలలు చితికిపోతాయి.

చేతి తొడుగుల మీద వాదోపవాదాలున్నాయి. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరిన చేతులే మేలు. తొడుగుతో కార్డు అంచు వేలికి తెలియదు, జారుతుంది. చేతులకు చెమట ఎక్కువ పట్టేవాళ్లు మాత్రం పొడి లేని నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి. క్రీములు, శానిటైజర్ రాసుకున్న చేతులతో ముట్టుకోవద్దు.

గది పొడిగా, చల్లగా ఉండాలి. ఫ్యాన్ ఆపేయండి, కార్డులు ఎగిరి నేల మీద పడితే మూల ఒకటి పోయినట్టే.

విప్పే క్రమం

1. ప్యాకెట్టు చలి ప్రదేశంలోంచో ఎండలోంచో వచ్చినట్లయితే గది వేడికి సర్దుకునేదాకా కొన్ని గంటలు అలాగే ఉంచండి. ముందే ఫ్రీజర్‌లో పెడితే గమ్ తేలిగ్గా ఊడుతుందని చెప్పేవాళ్లున్నారు. మేము వద్దంటాం. బయటికి తీయగానే పట్టే తేమ మైనం అంటని కాగితానికి గమ్ కన్నా పెద్ద శత్రువు.

2. ముందు వైపు, వెనక వైపు, రెండు చివర్లు ఫోటో తీసుకోండి. విప్పాక సరుకు మీద వివాదం వస్తే మీ దగ్గర ఉండే ఆధారం ఇదొక్కటే. ఖరీదైనదైతే మొత్తం వీడియో తీయండి, కెమెరా ఫ్రేమ్‌లోంచి చేతులు బయటికి పోకుండా.

3. వెనక అతుకు పైకి వచ్చేలా చాప మీద పెట్టండి. అడ్డంగా చింపొద్దు, గోళ్లతో పొడవొద్దు. ముందు ఒక చివరి మడతను వేలి మెత్తటి భాగంతో పైకి లేపండి. పాత మైనం పెళుసుగా ఉంటుంది కనుక చిన్న చప్పుడుతో విడిపోతుంది. తర్వాత రెండో చివర.

4. వెనక అతుకును ఒక చివరి నుంచి మెల్లగా లేపండి. ఇక్కడ ఆగండి. అతుకు కింద ఉన్న కార్డు మైనంతో రేపర్‌కే అంటుకుని ఉండొచ్చు. రేపర్‌ను కార్డు మీదుగా వెనక్కి మడుస్తూ, కార్డుకు దాదాపు సమాంతరంగా లాగండి. నిటారుగా పైకి లాగితే కార్డు వంగుతుంది, పైపొర కాగితంతో పాటు లేస్తుంది.

5. రేపర్ మొత్తం తెరుచుకున్నాక కార్డులను పట్టుకుని పైకెత్తకండి. రేపర్‌ను పుస్తకంలా పరిచి, కార్డుల దొంతరను రేపర్ మీదే ఉంచండి. గమ్ ఏ వైపుందో చూడండి. అది ఒక చివరి కార్డుకు ఆనుకునే ఉంటుంది.

6. దొంతరను పక్కకు జార్చొద్దు. విరిగిన గమ్ అంచులు గాజు ముక్కల్లా పదునుగా ఉంటాయి, కార్డు మీద జారితే గీత పడుతుంది. గమ్ విడిగా ఉంటే ఒక్కో ముక్కను నిటారుగా ఎత్తి గిన్నెలో వేయండి. మిగిలిన పొడిని మెత్తటి బ్రష్‌తో ఒకే దిక్కుకు తోయండి. నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపరలు పడతాయి.

7. ఇప్పుడు కార్డులను రెండు పక్కల అంచులు పట్టుకుని ఒక్కొక్కటిగా ఎత్తండి. పేకముక్కల్లా విసనకర్రలా విప్పడం, అంచులు సమం చేయడానికి బల్లకేసి తట్టడం రెండూ కూడవు. 1971 టాప్స్ నల్ల అంచులు, 1987 టాప్స్ చెక్క రంగు అంచులు ఆ ఒక్క తట్టుకే తెల్లగా రాలిపోతాయి.

8. పనికొస్తుందనుకున్నది వెంటనే పెన్నీ స్లీవ్‌లోకి వెళ్లాలి. స్లీవ్ నోరు కొంచెం వంచి తెరిచి, కార్డు మూల తగలకుండా దించండి. అన్నీ విప్పాక చూద్దామని పక్కన పెట్టిన కార్డుకే ఏదో ఒకటి తగులుతుంది.

రేకు ప్యాకెట్లయితే ఇంత తంతు లేదు. వెనక అతుకును రెండు చేతులతో విడదీయండి. కత్తెర వాడితే చివర పళ్లలా నొక్కి ఉన్న అతుకును మాత్రమే కోయండి, అదీ కార్డులను వ్యతిరేక చివరకు జరిపాక.

అంటుకుపోయినప్పుడు

గమ్ కార్డుకు గట్టిగా అతుక్కుంటే లాగకండి. గమ్‌లో ఉన్న చక్కెర తేమ పీల్చి, మళ్లీ ఆరినప్పుడు కాగితం పోగులను తనతో పాటు బిగిస్తుంది. లాగితే ఊడేది గమ్ కాదు, కార్డు పైపొర. పలచటి ప్లాస్టిక్ కార్డును దాదాపు పడుకోబెట్టి గమ్ అంచు కింద కొద్దిగా దూర్చి, రెండో చివర వైపు ఒత్తిడి పెంచండి. పెళుసైన గమ్ అయితే టక్కున విరిగి ఊడుతుంది. ఊడకపోతే ఆ కార్డును అలాగే వదిలేయండి. నీళ్లు, ఆల్కహాల్, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం ఏదీ పనికిరాదు. కార్డు వెనక వైపు పూత లేని అట్ట, అలల అంచులాంటి మరక పడటానికి ఒక్క చుక్క చాలు. గమ్ తాజాదిలా కనిపిస్తున్నా నోట్లో పెట్టొద్దు.

మైనం మరకకు మాత్రం ఒక మందుంది. నునుపైన ముందు వైపు మీద పడిన మైనాన్ని శుభ్రమైన నైలాన్ మేజోడు ముక్కతో, వేలి మీద చుట్టుకుని, చిన్న చిన్న వలయాలుగా మెల్లగా రుద్దితే చాలావరకు పోతుంది. వెనక వైపు అట్టలోకి ఇంకిన మైనం పోదు. దాన్ని వేడి చేసి బ్లాటింగ్ కాగితంతో పీల్చాలని ప్రయత్నిస్తే మరక ఇంకా విస్తరిస్తుంది. పీఎస్ఏ అలాంటి కార్డుకు మరక ఉందని ఎస్టీ అనే గుర్తు వేస్తుంది, లేదా గ్రేడు తగ్గిస్తుంది. అంచు కోయడం, రంగు వేయడం, బ్లీచ్ చేయడం లాంటివి చేస్తే కార్డు మార్పు చేసినదిగా లెక్క, గ్రేడే రాదు. కెనడా కంపెనీ ఓ-పీ-చీ వేసిన కార్డుల గరుకు అంచును చూసి నున్నగా చేద్దామని ఎవరూ అనుకోవద్దు. వాళ్లు తీగతో కోసేవారు, ఆ గరుకే దాని అసలు లక్షణం.

ఇంకొక బెడద ఇటుక కట్టడం. 1991 నుంచి వచ్చిన టాప్స్ స్టేడియం క్లబ్ సెట్ లాంటి మెరుపు పూత కార్డులు తేమకు ఒకదానికొకటి అంటుకుని మొత్తం గట్టి దిమ్మలా మారతాయి. కత్తి దూర్చి విడదీయకండి. దొంతరను రెండు చేతులతో పట్టుకుని పొడవు దిక్కున కొంచెం, ఒక్క మిల్లీమీటరు మేర, అటూ ఇటూ వంచండి. తేలిగ్గా అంటుకున్నవి చిటచిటమని విడిపోతాయి. విడిపోని జతను బలవంతం చేస్తే ఒకదాని బొమ్మ ఇంకొకదాని వెనక అంటి వస్తుంది. అలాంటి బాక్సులో నాలుగు ప్యాకెట్లు విప్పి అన్నీ దిమ్మలే అయితే మిగతావీ అంతే. ఆపేయండి.

విప్పాక

మంచి వెలుతురులో వరసగా చూడండి: మొదట సెంటరింగ్ (బొమ్మ అంచుల మధ్య సమంగా ఉందా అన్నది), తర్వాత నాలుగు మూలలు, అంచులు, చివరగా పైపొర. సెంటరింగ్ సరిగా లేనిదాన్ని భూతద్దం కింద పెట్టి సమయం వృథా చేయక్కర్లేదు. గ్రేడింగుకు పంపేవాటిని పెన్నీ స్లీవ్‌లో పెట్టి, టాప్‌లోడర్ కాకుండా కార్డ్ సేవర్ అనే, కొంచెం వంగే గట్టి ప్లాస్టిక్ తొడుగులో ఉంచండి. పీఎస్ఏ కోరేది అదే. స్లీవ్‌కు పైన చిన్న కాగితపు చెవి అంటిస్తే తీసేవాళ్లకు తేలిక. రబ్బరు బ్యాండ్లు, పీవీసీ కవర్లు, స్క్రూలు బిగించే పాత గట్టి ప్లాస్టిక్ పెట్టెలు వద్దు. స్క్రూ గట్టిగా బిగిస్తే కార్డు పలచబడి మెరుస్తుంది.

అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా ప్యాకెట్లు తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. పారఫిన్ మైనం రకాన్ని బట్టి సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో ఆపిన కారు డిక్కీ లోపలి వేడికి అది సరిపోతుంది. మైనం కరిగి కార్డుల్లోకి ఇంకితే అసలు ప్యాకెట్టు కూడా ఇస్త్రీ చేసినదానిలా కనిపిస్తుంది. వీలైతే చలికాలంలో, చేతి సంచిలో తెప్పించుకోండి. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో దాచేవాళ్లు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారినప్పుడల్లా మార్చాలి. తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంటే కార్డు వంకర పోదు. మరీ పొడిగా చేసినా కార్డులు వంపు తిరుగుతాయి.

రేపర్లను పారేయకండి, ముఖ్యంగా చిరగకుండా వచ్చినవాటిని. వాటిని కూడా సేకరించేవాళ్లున్నారు. గమ్ పొడి దులిపి, ఇస్త్రీ చేయకుండా, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకం ఉంచితే వారం రోజుల్లో చదునవుతాయి. డాన్‌రస్ పజిల్ ముక్కలకూ ఇదే వర్తిస్తుంది. ఒక్కో అట్టకు మూడు చొప్పున 63 ముక్కలు కలిస్తే ఒక ఆటగాడి బొమ్మ: 1986లో హ్యాంక్ ఆరన్, 1987లో రొబెర్టో క్లెమెంటే, 1988లో స్టాన్ మ్యూజియల్. ముక్కలను అట్ట నుంచి ఊడదీయకుండా 21 అట్టలూ కూడబెట్టుకోండి.